కాటా సాఫ్ట్‌వేర్‌కు సంతకం: పెన్‌డ్రైవ్ నుంచి డౌన్‌లోడ్ లింకుకు మారిన ఒక ఇన్‌స్టాలర్ కేస్ స్టడీ

ఈ కేసు బెంగళూరు మారతహళ్ళి దగ్గరున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీది. లారీ కాటాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. బండి కాటా ఎక్కగానే బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా బరువు కంప్యూటర్‌లోకి వస్తుంది. ఖాళీ బండి బరువు, లోడు బరువు, రెండిటి తేడా వేసి చీటీ ప్రింట్ అవుతుంది. కోలారు, మదనపల్లె టమాటా మార్కెట్ల చుట్టుపక్కల, చీమకుర్తి గ్రానైట్ వైపు, రైస్ మిల్లుల్లో, క్రషర్లలో వీళ్ళ కస్టమర్లు ఉన్నారు. యజమాని మదనపల్లె మనిషి. టీమ్‌లో సగానికి పైగా తెలుగువాళ్ళే. నేను బయటి నుంచి బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారు చేయడం), రిలీజ్ పనులు చూసే కాంట్రాక్టర్‌ని. నన్ను పిలిచింది ఒక్క ఫిర్యాదు మీద: "మన సెటప్ ఫైల్‌ని విండోస్ వైరస్ అంటోంది సార్."

విండోస్ ఆ మాట అనలేదు. కస్టమర్లు పంపిన ఫోన్ ఫోటోల్లో ఉన్నది నీలం పెట్టె, అందులో "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అనే వాక్యం, కింద "డోంట్ రన్" అనే ఒకే ఒక్క బటన్. ఇది డిఫెండర్ స్మార్ట్‌స్క్రీన్. "ఈ ఫైల్ చెడ్డది" అని అది చెప్పదు, "ఈ ఫైల్ నాకు తెలియదు" అంటుంది. కానీ కాటా దగ్గర కూర్చున్న ఆపరేటర్‌కు రెండూ ఒకటే. వెనక బండ్లు లైనులో ఉంటాయి, డ్రైవర్లు హారన్ కొడుతుంటారు. నీలం పెట్టె చూడగానే అతను మూసేసి ఫోన్ చేస్తాడు.

సపోర్ట్ టీమ్ అప్పటికే ఒక మంత్రం తయారు చేసుకుంది: "మోర్ ఇన్ఫో నొక్కండి, కింద రన్ ఎనీవే వస్తుంది, అది నొక్కండి." దాంతోనూ కాకపోతే యాంటీవైరస్ కాసేపు ఆపేయమని చెప్పేవాళ్ళు. నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించింది ఇదే. హెచ్చరిక వస్తే దాటేసి వెళ్ళమని మనమే కస్టమర్లకు నేర్పుతున్నాం. రేపు ఇంకెవరో ఇదే పేరుతో వేరే ఫైల్ పంపితే వాళ్ళు అంతే ధైర్యంగా దాన్నీ నడిపిస్తారు.

ఇన్నేళ్ళూ రాని గొడవ ఇప్పుడెందుకు?

యజమాని అడిగిన ప్రశ్న న్యాయమైనదే. సాఫ్ట్‌వేర్ ఎన్నో ఏళ్ళుగా సంతకం, అంటే పంపిందెవరో చెప్పే డిజిటల్ ముద్ర, లేకుండానే తిరుగుతోంది. ఫీల్డ్‌లో తిరిగే కుర్రాళ్ళు పెన్‌డ్రైవ్‌లో సెటప్ పట్టుకెళ్ళి వేసి వచ్చేవాళ్ళు. ఈ పెట్టె ఎవరికీ రాలేదు. ప్రయాణం ఖర్చులు తగ్గించుకుందామని సెటప్‌ను వెబ్‌సైట్‌లో పెట్టి లింకు పంపడం మొదలుపెట్టాకే ఫోన్లు మొదలయ్యాయి. ఫైల్ అదే, దాని వేలిముద్ర లాంటి షా-256 హ్యాష్ కూడా అదే. కోలారు వైపు చూసుకునే అబ్బాయి ఫోన్‌లో అన్నాడు: "అన్నా, లింకు నుంచి దించితే ఆపుతాంది. అదే ఫైల్ నా పెన్‌డ్రైవ్ నుంచి వేస్తే గమ్మునే పోతాంది. సర్వర్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది చూడు."

తేడా సర్వర్‌లో లేదు, ఫైల్ వచ్చిన దారిలో ఉంది. బ్రౌజర్ ఏదైనా ఫైల్‌ను ఇంటర్నెట్ నుంచి దించినప్పుడు దాని పక్కనే జోన్ ఐడెంటిఫయర్ అనే చిన్న గుర్తు రాసిపెడుతుంది. దీన్నే మార్క్ ఆఫ్ ద వెబ్ అంటారు. అందులో జోన్ ఐడీ 3 అని ఉంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందని అర్థం. ఈ గుర్తు ఉన్న ప్రోగ్రామ్‌ను తెరిచినప్పుడే స్మార్ట్‌స్క్రీన్ ఆరా తీస్తుంది. గుర్తు ఉండేది అసలు ఫైల్ లోపల కాదు, విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఫైల్‌కు పక్కన ఇచ్చే ఆల్టర్నేట్ డేటా స్ట్రీమ్ అనే అరలో. బజారులో కొనే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. వాటిలో ఆ స్ట్రీమ్‌కు చోటే లేదు. కాపీ చేయగానే గుర్తు ఊడిపోతుంది. దాంతో పెన్‌డ్రైవ్ నుంచి వేసిన ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో విండోస్‌కు తెలియదు, తెలియదు కాబట్టి అడగదు.

ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌కు ఇది ఎందుకు కనబడలేదో కూడా ఇక్కడే తేలింది. వాళ్ళు బిల్డ్ సర్వర్ షేర్ ఫోల్డర్ నుంచి నేరుగా తీసుకుని వేస్తున్నారు. ఆ దారిలోనూ గుర్తు పడదు. జిప్ చేసి పంపితే ఇంకో మెలిక. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌తో విప్పితే జిప్ మీది గుర్తు లోపలి ఫైళ్ళకూ అంటుకుంటుంది. సెవెన్‌జిప్‌తో విప్పితే మామూలుగా అంటుకోదు. 2022లో వచ్చిన 22.00 వెర్షన్‌లో ఆ సౌకర్యం చేర్చారు కానీ మనం ఆన్ చేసుకుంటేనే పని చేస్తుంది. కాబట్టి "నా సిస్టమ్‌లో రాలేదు" అన్నమాటకు ఇక్కడ విలువ లేదు. ఆ రోజు నుంచి టెస్టింగ్‌లో ఒక నియమం పెట్టాం: కస్టమర్‌కు పంపే లింకు నుంచే, ఎడ్జ్ బ్రౌజర్‌లోనే దించాలి, కొత్తగా ఫార్మాట్ చేసిన విండోస్ మీదే వేయాలి. కింద రాసిన లోపాల్లో చాలా భాగం ఈ నియమం వల్ల బయటపడ్డవే.

సర్టిఫికెట్ వేట

స్మార్ట్‌స్క్రీన్‌కు మనమెవరో తెలియాలంటే ఫైల్‌కు సంతకం ఉండాలి. సంతకం చేయాలంటే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ (ప్రోగ్రామ్ ఏ కంపెనీదో ధ్రువీకరించేది) కావాలి అనగానే యజమాని డ్రాయర్ లోంచి ఒక యూఎస్‌బీ టోకెన్ తీసి చూపించారు. జీఎస్‌టీ, ఎంసీఏ (కార్పొరేట్ వ్యవహారాల శాఖ) ఫైలింగ్‌ల కోసం ఆడిటర్ తీయించిన డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) అది. "ఇదుంది కదా, మళ్ళీ ఇంకోటి ఎందుకు?" చిన్న కంపెనీల్లో ఈ ప్రశ్న రాని చోటు నాకింకా తగల్లేదు. ఆ డీఎస్‌సీ మన ఐటీ చట్టం 2000 కింద ఒక వ్యక్తికి పత్రాల మీద సంతకం చేయడానికి ఇచ్చింది. ప్రోగ్రామ్ మీది సంతకాన్ని విండోస్ ఒప్పుకోవాలంటే సర్టిఫికెట్‌లో కోడ్ సైనింగ్ అనే ఉపయోగం రాసి ఉండాలి, దాని మూలం మైక్రోసాఫ్ట్ నమ్మే రూట్‌ల (మూల సర్టిఫికెట్ల) జాబితాలో ఉండాలి. టోకెన్ చూడటానికి ఒకేలా ఉన్నా రెండిటి పని వేరు.

ఇంకో పాత నమ్మకం కూడా వదిలించాల్సి వచ్చింది. ఇంతకుముందు సర్టిఫికెట్ అంటే మెయిల్‌లో వచ్చే పీఎఫ్‌ఎక్స్ ఫైల్, కీ కూడా అందులోనే. బిల్డ్ సర్వర్‌లో పెట్టుకుని పాస్‌వర్డ్ ఇస్తే చాలు, సంతకం పడేది. 2023 జూన్ 1 నుంచి అది కుదరదు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ కంపెనీల ఉమ్మడి వేదిక అయిన సీఏ బ్రౌజర్ ఫోరమ్ నియమాల ప్రకారం ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య కీ) కనీసం ఫిప్స్ 140-2 లెవెల్ 2 అనే భద్రతా ప్రమాణానికి లేదా దానికి సమానమైనదానికి సరిపోయే హార్డ్‌వేర్‌లోనే పుట్టాలి, అందులోనే ఉండాలి. యూఎస్‌బీ టోకెన్ గానీ హెచ్‌ఎస్‌ఎం (కీలు దాచే ప్రత్యేక పరికరం) గానీ తప్పదు. కీ బయటికి కాపీ కాదు.

ఓవీ (కంపెనీ వివరాలు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) తీసుకోవాలా ఈవీ (ఇంకా లోతుగా సరిచూసి ఇచ్చే ఖరీదైనది) తీసుకోవాలా అన్నదానిమీద ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. ఈవీ కొంటే స్మార్ట్‌స్క్రీన్ మొదటి రోజు నుంచే రాదని అందరూ విన్నారు. ఒకప్పుడు అది నిజం. 2024లో మైక్రోసాఫ్ట్ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు ఈవీ కూడా మిగతావాటిలాగే పేరు సంపాదించుకోవాలి. ఇంకా పాత మాట చెప్పి ఈవీ అంటగట్టే అమ్మకందార్లు ఉన్నారు. విండోస్ లోపలి పొరలో నడిచే కర్నెల్ డ్రైవర్లు రాసి మైక్రోసాఫ్ట్ హార్డ్‌వేర్ పోర్టల్‌కు పంపే కంపెనీకి ఈవీ అవసరం. వీళ్ళకు ఓవీ చాలు. డబ్బు మిగిలింది.

వెరిఫికేషన్‌లో మాత్రం టెన్షన్ తప్పలేదు. ఎంసీఏ రికార్డులో కంపెనీ చిరునామా మొదట్లో యజమాని ఉన్న అద్దె ఇల్లు, ఇప్పటి ఆఫీసు వేరు. వెరిఫికేషన్ కాల్ కోసం సర్టిఫికెట్ ఇచ్చే సంస్థవాళ్ళు మనమిచ్చే ఫోన్ నంబర్ తీసుకోరు. బయటి డైరెక్టరీలో కంపెనీ పేరుతో ఉన్న నంబర్‌కే చేస్తారు. ఆ నంబర్ ఎప్పుడో మానేసిన ల్యాండ్‌లైన్. ముందు ఎంసీఏలో రిజిస్టర్డ్ ఆఫీస్ మార్చి, తర్వాత డైరెక్టరీలో నంబర్ సరిచేసి, ఆ తర్వాతే దరఖాస్తు కదిలింది. విదేశం నుంచి బయల్దేరిన టోకెన్ కస్టమ్స్‌లో కొన్నాళ్ళు ఆగింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రిలీజ్ తేదీ పెట్టుకోకముందే ఈ కాగితాల పని చేసుకోవాలి. కోడ్ పని కన్నా ఇదే ఎక్కువ సమయం తింటుంది.

టోకెన్ ఎక్కడ గుచ్చాలి?

బిల్డ్ సర్వర్ క్లౌడ్‌లో ఉంది. టోకెన్ మారతహళ్ళి ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్‌కు గుచ్చి ఉంది. ఇంటి నుంచి పని చేసే డెవలపర్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ మెషీన్‌లోకి వెళ్తే టోకెన్ కనబడదు. డ్రైవర్ పోయిందేమోనని దాన్ని తీసేసి మళ్ళీ వేశారు కూడా. డ్రైవర్ బాగానే ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో విండోస్ స్మార్ట్‌కార్డ్ రీడర్ల (మన టోకెనూ ఆ కోవదే) కోసం మనం కూర్చున్న మెషీన్ వైపు చూస్తుంది, అవతలి మెషీన్‌కు గుచ్చినవి చూడదు. భద్రత కోసం పెట్టుకున్న పద్ధతే అది. బిల్డ్ పనులు చేసే ఏజెంట్ ప్రోగ్రామ్‌ను తెర వెనక నడిచే విండోస్ సర్వీస్‌గా నడిపినా ఇబ్బందే. పిన్ అడిగే పెట్టె ఎవరికీ కనబడని సెషన్‌లో తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. పిన్ తప్పు కొడుతూ పోతే టోకెన్ లాక్ అవుతుంది.

రెండు దారులు ఉన్నాయి. కీని క్లౌడ్ హెచ్‌ఎస్‌ఎంలో పెట్టి, జేసైన్ లాంటి టూల్‌తో బిల్డ్ నుంచే సంతకం చేయించడం ఒకటి. రోజూ బిల్డ్ వదిలే టీమ్‌కు అదే సరి. వీళ్ళు నెలకోసారి రిలీజ్ చేస్తారు. నెలకోసారి పనికి టోకెన్ బీరువాలో పెట్టి, రిలీజ్ రోజు బయటికి తీసి, మనిషి ముందు కూర్చుని సంతకం చేయడమే మేలని నా అభిప్రాయం. ఆటోమేషన్ లేదని సిగ్గుపడాల్సిన పని లేదు. క్లౌడ్ సర్వర్ సంతకం లేని ఫైళ్ళు ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఆఫీసు డెస్క్‌టాప్ వాటిని దించుకుని హ్యాష్ సరిచూసుకుంటుంది. ఇద్దరు ఒప్పుకున్నాక సంతకం పడుతుంది, ఏ ఫైల్‌కు ఎప్పుడు ఎవరు చేశారో రాసి ఉంటుంది. ఆ మెషీన్‌లో మెయిల్, బ్రౌజింగ్ లేవు. డెవలపర్లు రోజువారీ బిల్డులకు సొంతంగా తయారు చేసుకున్న టెస్ట్ సర్టిఫికెట్ వాడతారు, అసలు కీ ముట్టుకోరు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని యజమాని అడిగారు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ డ్రైవర్ల మీద ఉన్నవి రియల్‌టెక్, జేమైక్రాన్ అనే రెండు తైవాన్ కంపెనీల అసలు సర్టిఫికెట్ల సంతకాలు. కీలు దొంగిలించారు. 2022లో ఎన్‌విడియా నుంచి బయటికి పోయిన సర్టిఫికెట్లతో మాల్వేర్ సంతకాలు పడ్డాయి, అవి గడువు తీరిపోయినవే అయినా. 2023లో త్రీసీఎక్స్ ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ సరైన సంతకంతోనే, కంపెనీ నుంచే, లోపల మాల్వేర్‌తో కస్టమర్లకు చేరింది. కాటా చీటీ బరువు చెబుతుంది, టమాటా కుళ్ళిందో లేదో చెప్పదు. సంతకమూ అంతే: ఎవరు పంపారో, మధ్యలో ఎవరైనా మార్చారో లేదో చెబుతుంది. మిగతాది మన బిల్డ్ మెషీన్ శుభ్రత మీద ఉంటుంది.

సంతకం ఒక్కచోట పెడితే చాలదు

అసలు పని ఇక్కడ మొదలైంది. ఈ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను విక్స్ టూల్‌సెట్ అనే ఇన్‌స్టాలర్లు కట్టే టూల్‌తో కట్టారు. లోపల ఒక ఎంఎస్‌ఐ, అంటే విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ. దానికి ముందు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, యూఎస్‌బీ సీరియల్ కేబుల్ డ్రైవర్ వేయాలి కాబట్టి అన్నిటినీ కలిపి ఒకే ఈఎక్స్‌ఈగా చుట్టే బర్న్ బండిల్. టోకెన్ రాగానే టీమ్ చేసింది ఆ చివరి ఈఎక్స్‌ఈకి సంతకం పెట్టడం. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్‌లో కంపెనీ పేరు చక్కగా కనబడింది. కానీ ఇన్‌స్టాల్ నొక్కగానే వచ్చే యూఏసీ (అడ్మిన్ అనుమతి అడిగే) పెట్టె నీలంగా కాకుండా పసుపుగా వచ్చింది, పబ్లిషర్ తెలియదని.

బండిల్ మామూలు హక్కులతో మొదలవుతుంది. అడ్మిన్ హక్కులు కావాల్సి వచ్చినప్పుడు తన ఇంజిన్ భాగాన్ని మాత్రం విడిగా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని దాన్ని పైస్థాయిలో నడుపుతుంది. తర్వాత రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ కోసం ప్యాకేజ్ క్యాషేలో దాచుకునేదీ ఆ భాగమే. మనం సంతకం చేసింది ఇంజిన్, దానికి తగిలించిన ప్యాకేజీలు అన్నీ కలిసిన పెద్ద ఫైల్‌కు. తగిలించినవి లేకుండా ఇంజిన్ విడిగా లేచినప్పుడు ఆ సంతకం దానికి వర్తించదు. అందుకే ముందు ఇంజిన్‌ను ఊడదీసి, దానికి సంతకం చేసి, మళ్ళీ తగిలించి, ఆ మొత్తానికి ఇంకో సంతకం చేయాలి. విక్స్ 3లో ఇందుకు ఇన్‌సిగ్నియా అనే టూల్ ఉంది. 4 నుంచి బర్న్ డిటాచ్, రీఅటాచ్ అనే కమాండ్లు ఉన్నాయి. ఇనో సెటప్ అనే ఇంకో ఇన్‌స్టాలర్ టూల్ వాడేవాళ్ళకు ఇదే గొడవ అన్‌ఇన్‌స్టాలర్ దగ్గర వస్తుంది. సెటప్‌కు బయటి నుంచి సంతకం చేస్తే లోపల పుట్టే అన్‌ఇన్‌స్టాలర్‌కు సంతకం ఉండదు. స్క్రిప్ట్‌లో సైన్‌టూల్ డైరెక్టివ్ ఇస్తే ఇనో రెండిటికీ తానే చేయిస్తుంది. ఎన్‌ఎస్‌ఐఎస్ అనే మరో టూల్‌లో 3.08 నుంచి అన్‌ఇన్‌స్ట్ ఫైనలైజ్ అనే కమాండ్ ఇదే పనికి ఉంది.

కాబట్టి లోపలి నుంచి బయటికి వరస ఇలా కుదిరింది. ముందు మన సొంత ఈఎక్స్‌ఈలు, డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రామ్ వాడుకునే సహాయక ఫైళ్ళు). వాటితో ఎంఎస్‌ఐ కట్టాక ఎంఎస్‌ఐకి. దాంతో బండిల్ కట్టాక ఇంజిన్‌కు, ఆపైన మొత్తానికి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ డీఎల్‌ఎల్‌ల మీద వాళ్ళ సంతకాలు ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. వరస తప్పితే లోపల సంతకం లేని ఫైళ్ళు ఉండిపోతాయి. ఒకసారి ప్యాక్ చేశాక అవి బయటికి కనబడవు కూడా.

ఎంఎస్‌ఐకి సంతకం చేసేటప్పుడు సైన్‌టూల్ అనే మైక్రోసాఫ్ట్ సంతకం టూల్‌కు స్లాష్ డీ అనే స్విచ్‌తో ప్రోడక్ట్ పేరు ఇవ్వాలి. ఇవ్వకపోయినా సంతకం చెల్లుతుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ విండోస్ ఇన్‌స్టాలర్ ఎంఎస్‌ఐని తన ఫోల్డర్‌లో ఏదో అంకెలు, అక్షరాలు కలిసిన పేరుతో దాచుకుంటుంది. వర్ణన లేకపోతే యూఏసీ పెట్టెలో ప్రోగ్రామ్ పేరు దగ్గర ఆ పిచ్చి పేరే కనబడుతుంది. కాటా ఆపరేటర్‌కు అది చూస్తే మళ్ళీ వైరస్ గుర్తొస్తుంది.

టైమ్‌స్టాంప్ (సంతకం ఎప్పుడు పడిందో చెప్పే ముద్ర) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తప్పనిసరి అంతే. అది లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజే పాత ఇన్‌స్టాలర్లన్నీ చెల్లకుండా పోతాయి. ఆర్‌ఎఫ్‌సీ 3161 ప్రమాణం పాటించే టైమ్‌స్టాంప్ సర్వర్ ఒకటి ఇచ్చి, అది పలకకపోతే కాసేపాగి మళ్ళీ అడిగేలా స్క్రిప్ట్ రాశాం. సరిచూసేటప్పుడు ఒక సంగతి: సైన్‌టూల్ వెరిఫై అని ఊరికే కొడితే అది డ్రైవర్ల నియమాలతో చూసి తప్పు అంటుంది. స్లాష్ పీఏ ఇవ్వాలి. దీని మీద ఒక డెవలపర్ సగం రోజు పోగొట్టుకున్నాడు.

అప్‌డేటర్ కూడా ఒక రోజు మొరాయించింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను కొత్త వెర్షన్ దించుకుని షా-256 సరిచూసుకునేది. బిల్డ్ సర్వర్ ఆ హ్యాష్‌ను ప్యాకేజీ కట్టగానే లెక్కేసి మానిఫెస్ట్ అనే అప్‌డేట్ వివరాల ఫైల్‌లో రాస్తోంది. సంతకం ఆ తర్వాత పడుతోంది. సంతకం ఫైల్‌ను మారుస్తుంది కదా, హ్యాష్ కలవలేదు. మానిఫెస్ట్ తయారీని సంతకం తర్వాతికి జరిపాం. పనిలో పనిగా అప్‌డేటర్‌ను హ్యాష్‌తో పాటు సంతకం చేసిన కంపెనీ పేరునూ చూసేలా మార్చాం.

సంతకంతో సంబంధం లేకపోయినా అదే ఇన్‌స్టాలర్‌లో ఇంకో రెండు జబ్బులు దొరికాయి. మొదటిది వెర్షన్ నంబర్. వీళ్ళు 5.2.0.118, 5.2.0.119 అని నాలుగో స్థానంలో బిల్డ్ నంబర్ పెంచేవాళ్ళు. విండోస్ ఇన్‌స్టాలర్ అప్‌గ్రేడ్ లెక్కలో మొదటి మూడు స్థానాలే చూస్తుంది. దానికి రెండూ 5.2.0. పాతది తీయకుండా కొత్తది పక్కన వేస్తుంది. కస్టమర్ల ప్రోగ్రామ్‌ల జాబితాలో ఒకే పేరు మూడేసి సార్లు ఉండటానికి కారణం ఇదే. బిల్డ్ నంబర్‌ను మూడో స్థానానికి తెచ్చాం. అక్కడ 65535 దాకా చోటుంది. మొదటి స్థానంలో 255 దాటకూడదు, కాబట్టి సంవత్సరాన్ని 2025 అని మొదట్లో పెట్టే ఆలోచన వద్దన్నాను.

రెండోది ప్రమాదకరమైనది. ఖాళీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌ను ఎంఎస్‌ఐయే ఇన్‌స్టాల్ చేస్తోంది. తర్వాత చీటీలన్నీ అదే ఫైల్‌లోకి చేరుతున్నాయి. విక్స్‌లో మేజర్ అప్‌గ్రేడ్ మామూలు అమరికలో ముందు పాత వెర్షన్‌ను పూర్తిగా తీసేస్తుంది. తీసేసేటప్పుడు తాను పెట్టిన ఫైల్‌ను, లోపల ఏమున్నా సరే, తీసేస్తుంది. ఇన్నాళ్ళూ ఇది జరగలేదు, ఎందుకంటే పైన చెప్పిన వెర్షన్ లోపం వల్ల అప్‌గ్రేడే జరగలేదు. మొదటి జబ్బు నయం చేసి రెండోదాన్ని వదిలేసి ఉంటే మార్కెట్ సీజన్‌లో ఎన్ని కాటాల లెక్కలు పోయేవో. ఎంఎస్‌ఐలో ఖాళీ నమూనా ఫైల్ మాత్రమే ఉంచి, అసలు డేటాబేస్‌ను ప్రోగ్రామ్ మొదటిసారి తెరిచినప్పుడు ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్‌లో తానే సృష్టించుకునేలా చేశాం. పాత కస్టమర్ల దగ్గర మాత్రం అప్‌గ్రేడ్‌కు ముందు ఫైల్‌ను పక్కకు కాపీ చేసే చిన్న టూల్‌ను ఫీల్డ్ కుర్రాళ్ళే వెళ్ళి నడిపారు. ఇది లింకుతో చేసే పని కాదు.

సంతకం తర్వాత కూడా నీలం పెట్టె

అన్నీ సరిగ్గా సంతకం అయ్యాక మొదటి రిలీజ్‌కు స్మార్ట్‌స్క్రీన్ మళ్ళీ వచ్చింది. ఈసారి తెలియని పబ్లిషర్ అనలేదు, కంపెనీ పేరు చూపించింది. ఇది వస్తుందని యజమానికి ముందే చెప్పి ఉంచాను. స్మార్ట్‌స్క్రీన్ రెండిటికి పేరు (ఎంత నమ్మదగిందన్న పరపతి) లెక్కగడుతుంది: ఆ ఫైల్ హ్యాష్‌కు, సంతకం చేసిన సర్టిఫికెట్‌కు. సర్టిఫికెట్ కొత్తది, ఫైల్ కొత్తది. చాలామంది దించి నడిపితే గానీ కుదుటపడదు.

అలా కుదుటపడకుండా వీళ్ళ దగ్గర ఒక అడ్డంకి ఉంది. ప్రతి కస్టమర్‌కూ లైసెన్స్ ఫైల్ లోపల పెట్టి విడి సెటప్ కట్టేవాళ్ళు. ఎంత మంది కస్టమర్లో అన్ని హ్యాష్‌లు, ఒక్కో ఫైల్‌ను దించేది ఒక్కరే. అందరికీ ఒకే సెటప్ ఇచ్చి, లైసెన్స్ కీ తర్వాత టైప్ చేయించుకోవాలన్నాను. సేల్స్ వాళ్ళకు నచ్చలేదు: కాటా దగ్గర కీ టైప్ చేయడం ఎవరి వల్ల అవుతుంది?

అప్పుడు టీమ్‌లో ఒక తెలివైన కుర్రాడు ఒక కిటుకు చూపించాడు. సంతకం అయిన ఈఎక్స్‌ఈలో సంతకం ఉండే భాగం చివర కొంత డేటా అదనంగా చేర్చినా విండోస్ సంతకం చెల్లుతుందనే అంటుంది. లైసెన్స్ అక్కడ పెడదాం, మళ్ళీ సంతకం చేసే పనే ఉండదు అన్నాడు. నిజమే, పెద్ద కంపెనీలు కూడా ఈ కిటుకు వాడాయి. కానీ ఇది బయటపడ్డ భద్రతా లోపాల జాబితాలో సీవీఈ 2013-3900 అని పేరున్న లోపం. మైక్రోసాఫ్ట్ 2013లోనే కట్టుదిట్టమైన తనిఖీ తెచ్చింది, చాలా పాత ఇన్‌స్టాలర్లు విరిగిపోతాయని దాన్ని అందరికీ ఆన్ చేయకుండా రిజిస్ట్రీ (విండోస్ అమరికల పట్టిక) సెట్టింగ్‌గా వదిలేసింది. త్రీసీఎక్స్ దాడిలో మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న డీఎల్‌ఎల్‌లో మాల్వేర్ దాచింది ఈ సందులోనే. ఆ సెట్టింగ్ ఆన్ చేసిన పెద్ద మిల్లు ఐటీ విభాగం దగ్గర మన ఫైల్ సంతకం చెల్లదు. పైగా దాడి చేసేవాళ్ళు వాడే సందులో మన లైసెన్స్ పెట్టుకుంటే యాంటీవైరస్‌లు అనుమానిస్తే తప్పు వాటిది కాదు. వద్దన్నాను. చివరికి కీ టైప్ చేయకుండా, సెటప్ అయ్యాక రిజిస్టర్ అయిన ఫోన్ నంబర్ ఇస్తే లైసెన్స్ సర్వర్ నుంచి దిగేలా ఆ కుర్రాడే రాశాడు. బాగా రాశాడు కూడా.

ఆ తర్వాత రిలీజ్‌లు ముందు కొద్దిమందికి, ఒక వారం తర్వాత అందరికీ వదలడం అలవాటు చేశాం. ఒక యాంటీవైరస్ సెటప్‌ను పొరపాటుగా పట్టుకున్నప్పుడు ఆ కంపెనీ పోర్టల్‌లో ఫైల్ సమర్పించాం, తీసేశారు. మైక్రోసాఫ్ట్‌కూ అలాంటి పోర్టల్ ఉంది. నీలం పెట్టె మెల్లగా తగ్గి ఆగిపోయింది.

మిగిలినవి

విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా చాలా కాటాల దగ్గర ఉన్నాయి, ఇంటర్నెట్ లేకుండా. విండోస్ కొత్త రూట్ సర్టిఫికెట్లను అవసరమైనప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని చోట మన సంతకం మూలం తెలియక చెల్లదంటుంది. పాత విండోస్ 7కు షా-2 (కొత్త రకం హ్యాష్) సంతకాలను గుర్తుపట్టే ప్యాచ్‌లు కూడా ఉండాలి. మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. వాటి కోసం ఇన్‌స్టాలర్‌ను వంకర్లు తిప్పడం అనవసరమని తేల్చాం. అక్కడికి పెన్‌డ్రైవ్‌తో మనిషి వెళ్తాడు, వీలైతే కంప్యూటర్ మార్పిస్తాడు.

మ్యాక్ మీద రిపోర్టులు చూసుకునే చిన్న యాప్ ఒకటి యజమాని తర్వాత అడిగారు. అక్కడ ఊహాగానాలకు చోటు లేదు. ఏటా 99 డాలర్ల ఆపిల్ డెవలపర్ ప్రోగ్రామ్, యాప్‌కు ఒకటి, పీకేజీ (మ్యాక్ ప్యాకేజీ) ఇన్‌స్టాలర్‌కు ఇంకొకటి డెవలపర్ ఐడీ సర్టిఫికెట్, హార్డెన్డ్ రన్‌టైమ్ (యాప్‌ను కట్టుదిట్టం చేసే అమరిక), ఆపైన ఆపిల్ సర్వర్‌కు పంపి నోటరైజ్ (మాల్వేర్ లేదని తనిఖీ) చేయించుకోవడం. ఇందుకు వాడిన పాత ఆపిల్ కమాండ్ ఆల్‌టూల్ 2023 నవంబర్ 1 నుంచి నోటరైజేషన్‌కు పని చేయదు, నోటరీటూల్ వాడాలి. వచ్చిన టికెట్‌ను (ఆమోదం గుర్తు) స్టేప్లర్ అనే టూల్‌తో ఫైల్‌కే తగిలిస్తే నెట్ లేని చోటా తెరుచుకుంటుంది. మాక్‌ఓఎస్ 15లో కంట్రోల్ క్లిక్‌తో హెచ్చరిక దాటే పాత దారి మూసేశారు, కాబట్టి నోటరైజ్ చేయని యాప్‌ను ఫోన్‌లో చెప్పి తెరిపించడం ఇక కష్టం. విండోస్‌లో పేరు కోసం ఎదురుచూడాలి, ఇక్కడ ఆ బాధ లేదు. పాస్ అయితే అయినట్టే.

ప్రస్తుతం టేబుల్ మీదున్నది రెన్యూవల్. 2026 మార్చి 1 నుంచి ఇచ్చే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువు 460 రోజులే. అంతకుముందు మూడేళ్ళ పైచిలుకు ఉండేది. అంటే ఏడాదికోసారి వెరిఫికేషన్, కొత్త సర్టిఫికెట్, దానికి మళ్ళీ పేరు సంపాదించే కొన్ని వారాలు. అందుకే కొత్తది రాగానే పాతదాన్ని పక్కన పెట్టకుండా, మొదట ఒక చిన్న అప్‌డేట్‌ను మాత్రం కొత్తదానితో వదిలి, పెద్ద రిలీజ్‌ను టమాటా సీజన్ తర్వాతికి పెట్టమన్నాను. అప్‌డేటర్ కంపెనీ పేరు చూస్తుందని చెప్పాను కదా, ఇప్పుడు యజమాని కంపెనీ పేరే మారుద్దామంటున్నారు. మారిస్తే సర్టిఫికెట్‌లో పేరు మారుతుంది, పాత వెర్షన్లలోని అప్‌డేటర్లు కొత్త పేరును ఒప్పుకోవు. కాబట్టి రెండు పేర్లనూ ఒప్పుకునే వెర్షన్ ముందు పాత సర్టిఫికెట్‌తోనే వెళ్ళాలి, అది ఎక్కువ మంది దగ్గరకు చేరాక ఎంసీఏలో పేరు మార్పు, ఆ కాగితం చేతికొచ్చాకే రెన్యూవల్ దరఖాస్తు. ఆ వెర్షన్ ఇప్పుడు టెస్టింగ్‌లో ఉంది.